రేంజరుగారి రివాల్వరు మీద పళ్ళ గాట్లు

నరసరావుపేటలో ఒక జిన్నింగు మిల్లులో నలభై ఏళ్ళకు దగ్గరదగ్గరగా ఫిట్టరు పని చేసి దిగిపోయాను. పత్తిలోంచి గింజను వేరుచేసే యంత్రాలు, వాటిని తిప్పే షాఫ్టులు, బెల్టులు, బేరింగులు, ఇవే నా లోకం. మా వీధిలో కొత్తగా పనిలో చేరిన కుర్రవాళ్ళు అప్పుడప్పుడు నా మంచం చుట్టూ చేరి, "తాతా, నీ సర్వీసులో నువ్వు చేసిన గొప్ప పనేంది?" అని అడుగుతుంటారు. గొప్ప పనులు చేసినవాళ్ళు వేరే ఉన్నారు. నేను చేసిన చెడ్డ పని ఒకటి మాత్రం కోర్టు దాకా వెళ్ళింది. పనిముట్టు పట్టుకునేవాడికి అదే ఎక్కువ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

యుద్ధం మొదలైన కొత్తల్లో మిల్లులో చేరాను. మిషను స్కూల్లో చదువుతోపాటు కాస్త ఇనప పని కూడా నేర్పారు కాబట్టి నాకు అన్నీ వచ్చనే అనుకునేవాణ్ణి. మా మేస్త్రీ అలా అనుకునేవాడు కాదు. ఆయన ముసలి సాయిబు. తాతల నాటినుంచి కత్తులకు సాన పట్టిన కుటుంబం. ఇనుము ముక్కను వేలితో మీటి, ఆ మోత విని మంచిదో కాదో చెప్పేవాడు. నన్ను మాత్రం మీటీ చూడలేదు, మెచ్చుకోనూ లేదు. "ఒరేయ్ అబ్బాయ్, నీకు బలముంది. అదే నీ జబ్బు," అనేవాడు.

ఒక శుక్రవారం పూట అటవీశాఖ రేంజరుగారి బంట్రోతు తువ్వాల్లో ఏదో చుట్టుకుని మిల్లుకొచ్చాడు. రేంజరుగారి ఉద్యోగం మాచర్ల అవతలి అడవుల్లో. సంసారం మాత్రం మా ఊళ్ళోనే. అప్పటికి ఆయన ట్రైనింగుకని కోయంబత్తూరు వెళ్ళి రెండు నెలలయింది. బంట్రోతు అటూ ఇటూ చూసి తువ్వాలు విప్పాడు. లోపల రివాల్వరు. తుప్పు పట్టి, ఏదో జిగురు అంటుకుని, గుళ్ళు పెట్టే చక్రం కదలకుండా బిగుసుకుపోయి ఉంది.

"మేస్త్రీ, అయ్యగారు ఎల్లుండి దిగుతున్నాడు. ఈలోపు ఇది బాగవ్వాల. లేకపోతే నా ఉద్యోగం పోద్ది," అన్నాడు బంట్రోతు.

మేస్త్రీ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఏందయ్యా ఇది, పులుసు వాసనొస్తంది?"

"దొంగల భయానికి అమ్మగారు యాడో దాచింది. యాడని నన్ను అడగబాక."

మేస్త్రీ నమాజుకు వెళ్ళే తొందరలో ఉన్నాడు. కిరసనాయిలు పోసి నానబెట్టు, మెల్లగా చెయ్యి అని నాతో చెప్పి వెళ్ళిపోయాడు. నేను కిరసనాయిలు పోశాను. మెల్లగా చెయ్యడం మాత్రం నావల్ల కాలేదు.

ఇక్కడ పని సంగతి ఒక్కటి చెప్పాలి. మా బల్లకు వైసు ఉంటుంది. వస్తువును కదలకుండా పట్టుకునే ఇనుప దవడ అది. జారకుండా ఉండటానికి ఆ దవడల లోపలివైపు చిన్న చిన్న పళ్ళుంటాయి. సున్నితమైన వస్తువును అందులో పెట్టేటప్పుడు రెండు పక్కలా రాగి రేకో, సీసం ముక్కో, ఏదీ లేకపోతే పాత తోలు ముక్కో అడ్డం పెట్టాలి. మొదటి రోజే నేర్పే సంగతి ఇది. నేను ఏదీ పెట్టలేదు. రివాల్వరును నేరుగా దవడల మధ్య ఇరికించి, నా జబ్బంతా చూపించి బిగించాను.

చక్రం కదిలింది. ఆ సంతోషంలో గరుకు ఇసక కాగితంలాంటి ఎమరీ గుడ్డ తీసుకుని తుప్పు మీద పడ్డాను. నా మొహం అందులో కనపడేదాకా రుద్దాను. తుపాకి నెంబరు చెక్కి ఉన్న చోట ఇంకా రెండు రుద్దులు ఎక్కువే వేశాను. వైసు విప్పి చూస్తే తుపాకి చట్రం మీద రెండు వైపులా చుక్కల వరస పడింది. మేస్త్రీ నమాజు నుంచి వచ్చి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"ఒరేయ్, ఇది తుపాకా, మామిడికాయా? కొరికిపెట్టావేందిరా!"

బంట్రోతుకు చుక్కలతో పనిలేదు. మెరుపు చూసి మురిసిపోయాడు. మరునాడు ఒక సీసాడు అడవి తేనె తెచ్చి ఇచ్చాడు. రేంజరుగారు తిరిగొచ్చాక తుపాకిని చూసి, బాగా తుడిచి పెట్టావురా అని వాణ్ణే మెచ్చుకున్నాడట. తేనె అయిపోయింది, మేమూ ఆ సంగతి మరిచిపోయాం.

నాలుగేళ్ళు గడిచాయి. యుద్ధం చివరికి వచ్చింది. బంట్రోతు ఉద్యోగం వదిలి ఎటో వెళ్ళిపోయాడు. మేస్త్రీ కళ్ళకు శుక్లాలు వచ్చాయి. ఊళ్ళోకి కొత్త పోలీసు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చురుకైన మనిషి. మద్రాసులో ఏదో ప్రత్యేకమైన ట్రైనింగు అయి, ఒక భూతద్దం వెంట తెచ్చుకున్నాడు. మిలిటరీ తుపాకులు దొంగతనంగా అమ్ముడవుతున్నాయని, లైసెన్సు ఉన్న ఆయుధాలన్నీ మళ్ళీ పరీక్షించమని ఆయనకు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అంతకుముందు ఈ పరీక్ష చేసే గుమాస్తా తుపాకి ముఖం చూసేవాడు కాదు, కిందటేడు రాసింది చూసి ఈ ఏడు రాసేవాడు. కొత్తాయన భూతద్దం పెట్టి చూశాడు.

రేంజరుగారి లైసెన్సులో నెంబరు చివరి అంకె ఏడు. తుపాకి మీద ఒకటి. ఏడు నెత్తిమీద ఉండే గీత నా ఎమరీ గుడ్డకు పోయిందన్నమాట. పైగా చుక్కలు! ఒకవైపు పదకొండు, రెండోవైపు తొమ్మిది. ఇది లైసెన్సు పొందిన తుపాకి కాదు, నెంబరు దిద్దిన దొంగ తుపాకి అని ఇన్‌స్పెక్టరు తేల్చాడు. చుక్కలు ఏదో ముఠా రహస్య లిపి అన్నాడు. గుంటూరు నుంచి మాచర్ల దాకా రైలు స్టేషన్లు కూడా లెక్కపెట్టి చుక్కలతో పోల్చి చూశాడట. కుదరలేదు. అయినా అనుమానం తగ్గలేదు.

రేంజరుగారి ఉద్యోగం నిలిపేశారు. పెన్షనుకు ఇంకా ఏడాదే ఉంది. నేరం రుజువైతే జైలు, పెన్షను పోవడం రెండూ ఖాయం. ఆయన ఎవరి మాటైనా వినే మనిషైతే బాగుండేది. ఆరడుగుల మనిషి, గుబురు మీసం, మాటంటే మాట. "ఈ రివాల్వరు పదిహేనేళ్ళుగా నాది. నేను లేకుండా నా ఇల్లు దాటలేదు. పరాయి చెయ్యి తగల్లేదు," అని వాఙ్మూలం ఇచ్చాడు. ఎవరన్నా తాకి ఉంటారేమో గుర్తు తెచ్చుకోండి అని ఆయన ప్లీడరు బతిమాలాడట. "తాకితే నాకు తెలియదా?" అని ఆయన మీదనే లేచాడట.

మద్రాసు నుంచి ఆయుధాల నిపుణుడు రావాలంటే నెలలు పడుతుంది. అందుకని ఇనుము తెలిసిన మనిషిని పంపమని ఇన్‌స్పెక్టరు మా మిల్లు షావుకారుకు కబురు చేశాడు. మేస్త్రీకి కళ్ళు ఆనవు కాబట్టి షావుకారు నన్ను పిలిచి, "మన మిల్లు పేరు నిలబెట్టు," అని చెప్పి పంపాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. ఎవరి తుపాకో, ఏం కేసో అప్పటికి నాకు తెలియదు.

స్టేషన్లో బల్లమీద తెల్లగుడ్డ, గుడ్డమీద రివాల్వరు. ఇన్‌స్పెక్టరు భూతద్దం నా చేతికిచ్చాడు. నేను ఒక కన్ను మూసి నిపుణుడిలాగా వంగాను. చుక్కలు వరసగా, ఒకే దూరంలో ఉన్నాయి. నాలుగో చుక్క తరువాత ఒకటి ఉండాల్సిన చోట ఖాళీ. ఆపైన మళ్ళీ ఏడు.

మా వైసుకు కుడి దవడలో అయిదో పన్ను విరిగిపోయి ఉంటుంది.

ఇంకాసేపు వంగే ఉన్నాను. లేస్తే మొహం చూపించాలిగదా.

"ఏమైనా అర్థమైందా?" అని అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"కొద్దిగా అర్థమైందండి."

"రాసివ్వు."

అబద్ధం రాయడానికి మిషను స్కూలు చదువు అడ్డొచ్చింది, నిజం రాయడానికి భయం అడ్డొచ్చింది. లైసెన్సు లేకుండా తుపాకి బాగుచేసినందుకు నన్నూ మేస్త్రీనీ లోపల వేస్తారని భయం. చానాసేపు ఆలోచించి, ఎవరికీ చెడుపు చెయ్యదనుకుని ఒక వాక్యం రాశాను: "ఇవి ఇనుముతో ఇనుమును గట్టిగా అదిమినందువల్ల పడిన గుర్తులు."

ఇన్‌స్పెక్టరు అది చదివి కుర్చీలోంచి లేచాడు. "ఇనుముతో ఇనుమా! అంటే యంత్రం! అంటే ఎక్కడో రహస్య కార్ఖానా ఉంది!" అని నా భుజం తట్టాడు. "శెభాష్! నేను కూడా ఇంతదూరం పోలేదయ్యా."

నా వాక్యం చేసిన చెడుపు ఇంతా అంతా కాదు. ఆ వారం చుట్టుపక్కల కమ్మరి కొలుములన్నీ సోదా చేశారు. వినుకొండ రోడ్డులో ఒక కమ్మరిని పట్టుకుని, నాగలి కర్రులు చేసేవాడివి తుపాకులు ఎందుకు చెయ్యవు అని పొద్దుగూకేదాకా కూర్చోబెట్టారు. ఆయన ఇంటికెళుతూ మా మిల్లు గేటు ముందు ఆగి, "ఎవడో మహా నిపుణుడు చెప్పాడంట, ఆడి చేతులు పడిపోను," అని తిట్టాడు. గేటు ఇవతల నేనే ఉన్నాను.

మేస్త్రీతో అంతా చెప్పాను. ఆయన వైసు దవడ మీద చేత్తో తడిమి, విరిగిన పన్ను దగ్గర వేలు ఆపాడు.

"కోర్టుకు పిలుస్తారా?"

"సమన్లు వచ్చినయి. సోమవారం."

"అడిగినదానికి చెప్పు. అడగనిది చెప్పబాక."

"మరి రేంజరుగారు?"

"ఆయన పెద్దోడు, పలుకుబడి గలోడు. బయటపడతాడు. మనం పడితే ఎత్తేవాడు లేడురా," అన్నాడు. అన్నాడే గాని ఆ పూట అన్నం క్యారియరు విప్పలేదు.

సోమవారం కోర్టు నిండిపోయింది. మేజిస్ట్రేటుగారు పెద్దవయసు మనిషి, నశ్యం పీల్చి మాట్లాడతాడు. బోనులో రేంజరుగారు కోటు వేసుకుని, మీసం దువ్వుకుని, తీర్పు తానే చెప్పబోతున్నట్టు నిలబడ్డాడు. వరండాలో తలుపు పక్కన ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. కేసు నడిపించేది ఇన్‌స్పెక్టరే. నాచేత ప్రమాణం చేయించి ముందు నా నైపుణ్యాన్ని పొగిడాడు. నేనెంత కుంచించుకుపోతే అంత పొగిడాడు.

"ఈ గుర్తులు యంత్రంతో పడినవేనా?"

"అవునండి."

"చేత్తో పడే అవకాశం?"

"లేదండి."

"ఆ యంత్రాన్ని చూస్తే నువ్వు గుర్తుపట్టగలవా?" ఇది ఆయన మామూలుగా వేసిన ప్రశ్నే. పట్టగలనని నేనంటే, ఇంకా సోదాలు చెయ్యడానికి దారి దొరుకుతుందని కాబోలు.

నేను మేస్త్రీ చెప్పింది తలుచుకున్నాను. అడిగినదానికి చెప్పమన్నాడు. ఈయన అడిగాడుగదా!

"పట్టగలనండి. అది మా మిల్లులో ఉందండి."

"మిల్లులో ఎక్కడ?"

"నా బల్లమీదండి."

ఇన్‌స్పెక్టరు చేతిలో కాగితం కిందికి దిగింది. మేజిస్ట్రేటుగారి నశ్యం డబ్బీ సగంలో ఆగింది.

"దాంతో ఈ తుపాకిని బిగించిందెవరు?" అని ఈసారి మేజిస్ట్రేటుగారే అడిగారు.

"నేనేనండి. నెంబరు అరిగింది కూడా నా ఎమరీ గుడ్డకేనండి. నాలుగేళ్ళ కిందట తుప్పు వదిలించమని తెస్తే, తోలు అడ్డం పెట్టకుండా బిగించానండి. తప్పయిపోయింది."

నాకు ముందుగా దెబ్బ వచ్చింది ఇన్‌స్పెక్టరు వైపు నుంచి కాదు. బోనులోంచి.

"అబద్ధం!" అని రేంజరుగారు గర్జించాడు. "నేను లేకుండా నా తుపాకి ఇల్లు దాటలేదు! తుప్పా? నా తుపాకికా? ఈ కుర్రాణ్ణి ఎవరో కొనేశారండీ!"

ఆయన ప్లీడరు రెండు చేతులూ జోడించి, "అయ్యా, ఆ కుర్రాడు మిమ్మల్ని కాపాడుతున్నాడు. కాస్త ఊరుకోండి," అని బతిమాలాడు.

"నాకెవరి కాపుదలా అక్కర్లేదు!"

"ఎవరు తెచ్చిచ్చారు?" అన్నారు మేజిస్ట్రేటుగారు నాతో. బంట్రోతు అని చెప్పాను. వాడెక్కడున్నాడంటే తెలియదన్నాను. తుప్పెందుకు పట్టిందంటే అదీ తెలియదన్నాను. నా మాటకు సాక్ష్యమేమీ లేకుండా పోయింది. ఇన్‌స్పెక్టరు మళ్ళీ కోలుకుని, సాక్షి ముద్దాయితో కుమ్మక్కయ్యాడని మొదలుపెట్టాడు. అప్పుడు తలుపు దగ్గర గాజులు గలగలలాడాయి.

"నేనండీ," అంది రేంజరుగారి భార్య లేచి నిలబడి. "నేనే దాన్ని చింతపండు జాడీలో పెట్టానండీ."

రేంజరుగారు మెల్లగా ఆవిడ వైపు తిరిగాడు.

"ఎందులో?"

"చింతపండు జాడీలో. కొత్త చింతపండు, ఉప్పేసి తొక్కింది. మీరు ఊళ్ళో లేరు. పక్కవీధిలో దొంగలు పడ్డారు. తుపాకి ఎత్తుకుపోతే మీరు నన్ను బతకనిస్తారా? చింతపండు జాడీలో ఏ దొంగైనా చెయ్యి పెడతాడా? రెండు నెలలైనాక తీసి చూస్తే ఇట్టా అయింది. బంట్రోతును మిల్లుకు నేనే పంపించానండీ."

"నాలుగేళ్ళ నుంచి నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఇట్టా అరుస్తారనే," అందావిడ.

మేజిస్ట్రేటుగారు రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కాసేపటికి తీసి, "కేసుకు సంబంధం లేదు గాని, ఆ చింతపండు ఏం చేశారమ్మా?" అని అడిగారు.

"పారేస్తామా అండీ? పులుసుల్లోకి వాడేశాను."

రేంజరుగారు ఒక చేత్తో బోను పట్టుకుని, రెండో చేత్తో కడుపు పట్టుకున్నాడు. జనం నవ్వుకు డఫేదారు మూడుసార్లు నిశ్శబ్దం అని అరవాల్సి వచ్చింది.

వైసును తెప్పించి పోల్చి చూడాలని మేజిస్ట్రేటుగారు మధ్యాహ్నానికి ఉత్తర్వు చేశారు. బల్లకున్న బోల్టులు విప్పి, తోపుడు బండి మీద వేసుకుని, నలుగురు మనుషులు దాన్ని కోర్టుకు తోసుకొచ్చారు. వెనకే మేస్త్రీ వచ్చాడు. నా వైపు చూడలేదు. పిలవకుండానే వెళ్ళి సాక్షి నిలబడే చోట నిలబడ్డాడు.

"నువ్వెవరు?"

"ఆ పొద్దు ఈడికి పని చెప్పి నమాజుకు పోయినోణ్ణండీ. చూసుకోకపోవటం నా తప్పు. శిక్షేస్తే ఇద్దరికీ వెయ్యండి, వాడొక్కడికే వద్దు."

అడగనిది చెప్పొద్దన్న మనిషి అడక్కుండానే అంతా చెప్పేశాడు.

బట్టల సబ్బు ఒకటి తెప్పించి వైసులో బిగించాం. తీస్తే సబ్బు మీద చుక్కలు. నాలుగు, ఖాళీ, ఏడు. మేజిస్ట్రేటుగారు ఇన్‌స్పెక్టరు భూతద్దమే అడిగి తీసుకుని సబ్బునూ తుపాకినీ పక్కపక్కన పెట్టి చూశారు. తరువాత భూతద్దాన్ని ఇన్‌స్పెక్టరుకు ఇచ్చి, మీరూ చూడండి అన్నారు. ఆయన చూశాడు. పాపం, నిజాయితీ గల మనిషి. "సరిపోయింది," అని ఒప్పుకున్నాడు.

కేసు కొట్టేశారు. నావంతు వచ్చింది. మేజిస్ట్రేటుగారు లావుపాటి పుస్తకం తిరగేసి, "తుపాకి చేసినవాడికి శిక్ష ఉంది, అమ్మినవాడికి ఉంది. చేతకానివాడికి మాత్రం ఈ చట్టంలో ఏమీ రాయలేదు," అన్నారు. "ఇంకెప్పుడూ ఆయుధాల జోలికి పోకు. పో."

మిల్లుకు తిరిగొచ్చేటప్పుడు తోపుడు బండికి ఒక పక్క నేను, ఒక పక్క మేస్త్రీ. సగం దూరం వచ్చాక ఆయన, "సబ్బు మీద కూడా అంత బిగించాల్నా? ముక్కలయ్యేది గదరా," అన్నాడు. అప్పుడు నాకు ప్రాణం కుదుటపడింది. మరునాడు నేను చేసిన మొదటి పని వినుకొండ రోడ్డు కమ్మరి దగ్గరికి వెళ్ళి తప్పు ఒప్పుకోవడం. ఆయన మళ్ళీ మొదటినుంచీ తిట్టి, మజ్జిగ ఇచ్చి పంపాడు.

కథ ఇక్కడితో అయిపోయిందనే ఊళ్ళో అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. పదిరోజుల తరువాత రేంజరుగారు మిల్లుకు వచ్చారు. సర్కారు ఆయనకు ఉద్యోగం తిరిగి ఇచ్చింది, తుపాకీ తిరిగి ఇచ్చింది. నన్ను పత్తి బోరాల వెనక్కి తీసుకెళ్ళి, గొంతు తగ్గించి అడిగారు.

"నిజం చెప్పు. ఆరోజు దీని లోపల ఏమైనా చేశావా?"

కోర్టులో ఎవరూ అడగలేదు కాబట్టి నేను చెప్పని సంగతి అది. రుద్దేటప్పుడు, గుండును పేల్చే సుత్తికి బలమిచ్చే లోపలి స్ప్రింగు తుప్పుకు తెగిపోయింది. అలాంటిది ఊళ్ళో దొరకదు. పాత గొడుగు ఊచ ఒకటి వంచి ఆ స్థానంలో పెట్టాను. ట్రిగ్గరు నొక్కితే టిక్కుమంది. అంతే చాలనుకున్నాను. పరీక్షించడానికి నా దగ్గర గుళ్ళెక్కడివి? తల వంచుకుని ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"నిన్న ఊరి బయట ఆరు గుళ్ళు పెట్టి కాల్చా. ఆరుసార్లూ టిక్కుమంది," అన్నారాయన.

ఆ తరువాత పత్తి బోరం మీద కూలబడ్డారు. నాలుగేళ్ళు, ఒక్కసారైనా కాల్చే అవసరం రాకుండా, ఆ తుపాకి నడుముకు కట్టుకునే ఆయన అడవులన్నీ తిరిగారు. దొంగకలప బండ్లకు అడ్డం నిలబడ్డారు. ఒకసారి వాగు దగ్గర చిరుతపులికి ఎదురుపడి, దీన్ని చాపి పట్టుకుని కదలకుండా నిలబడితే, అదే పక్కకు తప్పుకుని పోయిందట. ఆ సంగతి చెబుతుంటే ఆయన మొహంలో రంగు పోయి మళ్ళీ వచ్చింది. కొడతారేమోనని ఒక అడుగు వెనక్కి వేశాను. ఆయన నవ్వారు. మీసం కదిలేలా, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు.

లేచి వెళుతూ నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఈ సంగతి మా ఇంట్లో చెప్పబాకురా. నేను అడవిలో ఉన్నన్నాళ్ళూ, నా దగ్గర తుపాకి ఉందిలే అనుకుని ఆవిడ నిద్రపోయింది."

ఆవిడకు నేను చెప్పలేదు. ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు కాబట్టి మీతో చెబుతున్నాను.